పదేళ్ళ తర్వాత వచ్చే నీరసం

1954లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో జాన్ లారెన్స్ అనే వైద్యుడు, రొమ్ము క్యాన్సర్ ముదిరిపోయిన ఒక స్త్రీకి ప్రోటాన్ కిరణాలతో చికిత్స చేశాడు. మనిషి మీద ప్రోటాన్లను ప్రయోగించడం అదే మొదలు. కిరణాలను గురిపెట్టింది మాత్రం రొమ్ము మీదికి కాదు, క్యాన్సర్ పాకిన చోట్ల మీదికీ కాదు. ఏ జబ్బూ లేని పీయూష గ్రంథి మీదికి. ఆ గ్రంథి హార్మోన్లు ఆగిపోతే, హార్మోన్ల అండతో పెరిగే క్యాన్సర్ కూడా నెమ్మదిస్తుందని ఆలోచన. యంత్రం అన్న ఎర్నెస్ట్ లారెన్స్‌ది. సైక్లోట్రాన్ కనిపెట్టినందుకు ఆయనకు 1939లోనే నోబెల్ వచ్చింది. అన్న అణువులను చీల్చడానికి కట్టిన యంత్రాన్ని తమ్ముడు రోగుల దగ్గరికి తెచ్చాడు.

హార్మోన్లను అడ్డుకునే మాత్రలు వచ్చాక ఆ పద్ధతి మూలపడింది. కానీ రేడియేషన్ ఇస్తే పీయూష గ్రంథి పని మానేస్తుందన్న సంగతి దానితో తేలిపోయింది. ఇప్పుడు అదే గ్రంథిలో గడ్డ ఉన్నవాళ్ళకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు వైద్యులు తప్పించుకోవాలని తంటాలు పడేది సరిగ్గా ఆ ఫలితాన్నే. అప్పటి లక్ష్యం ఇప్పటి దుష్ఫలితం.

పీయూష గ్రంథి బరువు సుమారు అర గ్రాము. బఠాణీ గింజంత ఉండి, ముక్కు మొదలుకు వెనకాల పుర్రె అడుగున ఉన్న ఎముక గుంటలో కూర్చుంటుంది. దాని నెత్తిన కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటు, అటూ ఇటూ మెదడుకు రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమనులు, కనుగుడ్లను కదిలించే నరాలు. పైనుంచి ఒక సన్నని కాడ దాన్ని హైపోథాలమస్‌కు కలుపుతుంది. థైరాయిడ్ ఎంత పనిచేయాలి, ఎడ్రినల్ గ్రంథులు ఎంత కార్టిసాల్ ఇవ్వాలి, అండాశయాలకు, వృషణాలకు ఎప్పుడు పని చెప్పాలి, పిల్లవాడు ఎంత ఎదగాలి, తల్లికి పాలు ఎప్పుడు పడాలి అన్న ఆజ్ఞలన్నీ ఇక్కడినుంచి వెళ్ళాల్సిందే. హైపోథాలమస్ చెప్పందే ఇది కూడా కదలదు, ఒక్క ప్రొలాక్టిన్ విషయంలో తప్ప. అది వేరే కథ, కాసేపట్లో వస్తుంది.

ఇక్కడ పుట్టే గడ్డల్లో దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డ చాలామందిలో కాబెర్గోలిన్ మాత్రలకే ముడుచుకుపోతుంది. మిగిలినవాటికి ముందుగా ఆపరేషన్, ముక్కులోంచి. గడ్డ పక్కనున్న సిరల గూటిలోకి చొచ్చుకుపోయి ధమనిని చుట్టుకుంటే కత్తి అక్కడిదాకా వెళ్ళలేదు. కొందరిలో తీసేసిన గడ్డే మళ్ళీ పెరుగుతుంది. కాళ్ళూ చేతులూ దవడా పెరిగే ఎక్రోమెగలీలోనూ, కార్టిసాల్ పొంగిపోయే కుషింగ్ జబ్బులోనూ ఆపరేషన్ తర్వాత కూడా హార్మోన్ దిగిరాకపోవచ్చు. రేడియేషన్ మాట వచ్చేది అప్పుడు. మనవాళ్ళు ‘కరెంటు పెట్టడం’ అంటారు.

పాత పద్ధతిలో అయితే రోజుకు 1.8 గ్రేల (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) చొప్పున, వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు. మొత్తం 45 నుంచి 54 గ్రేలు. ప్రతి చిన్న మోతాదుకూ మధ్య ఆరోగ్యంగా ఉన్న కణాలు కాస్త కోలుకుంటాయని ఆ విభజన. రెండోది గామా నైఫ్. స్టాక్‌హోమ్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లోనే ఊహించి, 1960ల చివరికి తయారుచేయించిన యంత్రం. దాదాపు రెండు వందల కోబాల్ట్ మూలాల నుంచి వచ్చే సన్నని కిరణాలన్నీ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. విడివిడిగా ఏదీ మెదడును పెద్దగా గాయపరచదు, కలిసినచోట మాత్రం వదలవు. ఒకే రోజు పని. కత్తి అన్న పేరే గాని కోత లేదు.

టర్కీకి చెందిన సుల్తాన్ కోసెన్ పేరు గిన్నిస్ పుస్తకం చూసేవాళ్ళకు తెలిసే ఉంటుంది. 251 సెంటీమీటర్ల ఎత్తుతో, బతికున్నవాళ్ళలో అందరికన్నా పొడుగు మగమనిషి. పీయూష గ్రంథి గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ అదుపు తప్పి, ఇరవై ఏళ్ళు దాటాక కూడా పెరుగుతూనే పోయాడు. 2010లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో అతనికి గామా నైఫ్ చికిత్స చేసి, మందులూ ఇచ్చారు. పెరుగుదల ఆగిందని వైద్యులు ధైర్యంగా చెప్పగలిగింది 2012లో. చికిత్స ఒక పూట, ఫలితం తేలడానికి ఏడాదిన్నర పైన. చాలామంది రోగులతో పోలిస్తే అది తొందరగా వచ్చిన ఫలితమే. పాత పద్ధతి రేడియేషన్‌కు పదేళ్ళు పట్టిన సందర్భాలు బోలెడు.

ఈ ఆలస్యానికి కారణం కణం చచ్చే తీరులో ఉంది. రేడియేషన్ కణాన్ని అక్కడికక్కడే కాల్చేయదు. దాని డిఎన్ఎ పోగులను తెంపుతుంది. తెగిన డిఎన్ఎతో కూడా కణం బతుకుతుంది, తిండి తింటుంది, హార్మోన్ తయారుచేస్తుంది. విభజన చెందబోయినప్పుడు మాత్రమే లెక్క తప్పి చనిపోతుంది. రోజూ విభజన చెందే పేగు లోపలి పొర కణాలు రోజుల్లోనే రాలిపోతాయి. పీయూష గ్రంథి కణాలకు అంత తొందర లేదు. గడ్డ కణాలు కూడా నెమ్మదస్తులే. అందుకే గడ్డ ఏళ్ళ తరబడి మెల్లగా చస్తుంది. పక్కనున్న మంచి కణాలూ అదే పద్ధతిలో, అదే తీరికగా పోతాయి. రెండిటికీ నడుస్తున్న గడియారం ఒక్కటే. దుష్ఫలితం కూడా ఆలస్యంగానే రావడంలో వింతేమీ లేదు. గొడవల్లా ఎక్కడంటే, అది వచ్చేసరికి రోగి ఆ కరెంటు సంగతి మరిచిపోయి ఉంటాడు, కొత్త డాక్టరుకు అసలు తెలిసి ఉండదు.

మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆసుపత్రి వైద్యులు ఈ మరుపుకు అవకాశం ఇవ్వలేదు. పీయూష గ్రంథి గడ్డలకు పాత పద్ధతిలో రేడియేషన్ తీసుకున్న 165 మందిని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ 1989లో లెక్కలు ప్రచురించారు. వాళ్ళకిచ్చిన డోసు 37.5 నుంచి 42.5 గ్రేలు, ఇప్పటి లెక్కలో ఒక మోస్తరే. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి అందరికీ గ్రోత్ హార్మోన్ లోపించింది. 96 శాతం మందిలో లైంగిక గ్రంథులను నడిపే హార్మోన్లు, 84 శాతం మందిలో ఎడ్రినల్‌ను నడిపే ఏసీటీహెచ్, 49 శాతం మందిలో థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్ పడిపోయాయి. రేడియేషన్‌కు ముందే గడ్డ ఒత్తిడి వల్లా ఆపరేషన్ వల్లా కొన్ని హార్మోన్లు పోయినవాళ్ళు వీళ్ళలో చాలామంది ఉన్నారు, కాబట్టి పాపమంతా కిరణాలదే అనలేం. అయినా రెండు విషయాలు ఆ పట్టికలోంచి కళ్ళకు కట్టాయి. హార్మోన్లు పోవడానికి ఒక వరస ఉంది. ఏడాది ఏడాదికీ జాబితా పొడుగవుతూ పోతుంది, ఒకచోట ఆగినట్టు కనిపించదు.

దెబ్బ తగిలేది గ్రంథికా, దాని పైనున్న హైపోథాలమస్‌కా అన్నది ఈ రంగంలో నాకు బాగా నచ్చిన డిటెక్టివ్ కథ. మొదటి ఆధారం ప్రొలాక్టిన్. మిగతా హార్మోన్లకు హైపోథాలమస్ ‘కానివ్వు’ అని చెబుతుంది, ప్రొలాక్టిన్‌కు మాత్రం డోపమైన్ పంపి ‘ఆగు’ అని చెబుతుంది. రేడియేషన్ తర్వాత కొందరిలో అన్ని హార్మోన్లూ తగ్గుతుంటే ప్రొలాక్టిన్ ఒక్కటి కొద్దిగా పెరుగుతుంది. గ్రంథే చచ్చిపోతూ ఉంటే అదీ తగ్గాలి కదా! అంటే ఆపే చెయ్యి బలహీనపడిందన్నమాట. రెండో ఆధారం లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిది. అక్కడ కొందరికి యిట్రియం-90 అనే రేడియోధార్మిక పదార్థాన్ని సన్నని కడ్డీలుగా నేరుగా గ్రంథిలోనే నాటేవారు. దాని కిరణాలు కొన్ని మిల్లీమీటర్లకు మించి పోవు. గ్రంథికి దక్కిన డోసు బయటినుంచి ఇచ్చే రేడియేషన్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, హైపోథాలమస్‌కు తగిలింది మాత్రం స్వల్పం. హార్మోన్లు పోగొట్టుకున్నవాళ్ళేమో తక్కువ. మామూలు డోసుల్లో ముందుగా నలిగేది పై అధికారేనని ఈ రెండూ కలిపి చెప్పాయి. పైగా కాలం గడిచేకొద్దీ, ఆజ్ఞలు అందని గ్రంథి తనంతట తానూ కృశిస్తుంది.

ఇది కేవలం విద్వాంసుల తగవు కాదు. గ్రోత్ హార్మోన్ ఉందో లేదో చూడటానికి హైపోథాలమస్ పంపే సంకేతాన్నే సూదిమందుగా ఇచ్చి చేసే పరీక్ష ఒకటుంది. లోపం హైపోథాలమస్‌లో ఉంటే ఆ సూది లోపాన్ని దాటేసి నేరుగా గ్రంథిని తట్టిలేపుతుంది. ఫలితం ‘నార్మల్’ అని వస్తుంది. అందుకే రేడియేషన్ తీసుకున్నవాళ్ళకు, రక్తంలో చక్కెరను కావాలని పడగొట్టి చూసే ఇన్సులిన్ పరీక్ష మీదే నిపుణులకు గురి. మనిషికి చెమటలు పట్టించే పరీక్ష అది. ఫిట్స్ ఉన్నవాళ్ళకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు చేయరు.

వరసలో ముందు పోయే గ్రోత్ హార్మోన్ లేకపోతే పెద్దవాళ్ళకు ప్రాణం మీదికేమీ రాదు. పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, కండ తగ్గుతుంది, పని మీద ఉత్సాహం ఉండదు. నలభై దాటినవాళ్ళెవరైనా ఇవన్నీ తమకూ ఉన్నాయంటారు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

తర్వాతివి లైంగిక హార్మోన్లు. నలభైలో ఉన్న స్త్రీకి నెలసరి ఆగిపోతే ‘ముందే ఆగిపోయింది’ అనుకుని ఊరుకుంటారు. తేడా ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది. సహజంగా ఆగిపోయినప్పుడు అండాశయాన్ని కదిలించాలని పీయూష గ్రంథి గట్టిగా ప్రయత్నిస్తుంది, అందుకోసం అది పంపే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్ బాగా పెరుగుతుంది. గ్రంథే చతికిలబడితే ఎఫ్ఎస్‌హెచ్ తక్కువగా ఉంటుంది. మగవాళ్ళలో కోరిక తగ్గడం, గడ్డం గీసుకోవాల్సిన అవసరం తగ్గడం సూచనలు. ఈ సంగతి డాక్టరుతో చెప్పే మగవాడు మన దగ్గర అరుదు, అడిగే డాక్టరూ అరుదే. ఎముకలు గుల్లబారడం రెండు పక్షాలకూ ఉంది. ఒక ఊరట ఏమిటంటే అండాశయాలు, వృషణాలు చెడిపోలేదు, వాటికి ఆజ్ఞలు అందడం లేదు, అంతే. ఆ ఆజ్ఞలను ఇంజక్షన్లుగా ఇచ్చి పిల్లలు కలిగేలా చేయడం చాలామందిలో సాధ్యం.

అసలు భయపడాల్సింది కార్టిసాల్ గురించి. ఎడ్రినల్ గ్రంథులే చెడిపోతే వచ్చే అడిసన్ జబ్బులో ఒళ్ళు నల్లబడుతుంది, ఉప్పు కోసం నాలుక పీకుతుంది, ఎవరో ఒకరు గుర్తిస్తారు. ఏసీటీహెచ్ తగ్గి కార్టిసాల్ పడిపోయినప్పుడు ఒళ్ళు నల్లబడదు సరికదా, కాస్త పాలిపోతుంది. ఉప్పును పట్టి ఉంచే మరో హార్మోన్‌ను మూత్రపిండాలు నడిపిస్తాయి గనుక అది క్షేమం. మిగిలేది పొద్దున లేవలేని నీరసం, ఆకలి లేకపోవడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, బరువు తగ్గడం. రక్తంలో సోడియం మాత్రం ఇక్కడా పడిపోతుంది. కార్టిసాల్ లేనప్పుడు శరీరం నీటిని వదలకుండా దాచుకుంటుంది, ఆ నీటిలో సోడియం పలచబడుతుంది. ‘సోడియం పడిపోయిందండీ’ అన్న మాట ఇవాళ మన ఇళ్ళల్లో ఎంత మామూలైందంటే, సెలైన్ పెట్టి, ఉప్పు మాత్రలిచ్చి పంపేస్తారు. ఎందుకు పడిపోయిందని అడగడం తక్కువ. ఇంకో చిక్కుముడి మన ఊళ్ళ ప్రత్యేకం. నీరసం అనగానే ఆర్ఎంపీ దగ్గర డెక్సామెథాసోన్ ఇంజక్షన్ పడుతుంది. స్టెరాయిడ్ కాబట్టి కార్టిసాల్ లేని మనిషి మర్నాటికి లేచి తిరుగుతాడు. ‘ఆయన చెయ్యి మంచిది’ అని పేరొస్తుంది, జబ్బు ఇంకో ఆర్నెల్లు దాక్కుంటుంది.

పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య తీసిన రక్తంలో కార్టిసాల్ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కన్నా తక్కువుంటే లోపం ఉన్నట్టే. 15 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే ప్రేరణ పరీక్ష చేయాలి. సాయంత్రం తీసిన నమూనాకు ఈ లెక్కలు పనికిరావు. ఖాళీ ఉన్నప్పుడు వెళ్ళి ఇచ్చొచ్చిన రక్తంతో వచ్చే రిపోర్టు అందుకే ఎవరినైనా ఏమార్చగలదు.

థైరాయిడ్ దగ్గర మోసం మరీ సులువు. మేడ మీది నీళ్ళ ట్యాంకులో మట్టం తగ్గితే మోటారు తనంతట తానే తిరిగే ఏర్పాటు ఉందనుకోండి. కింద నిలబడి మోటారు చప్పుడు వినే మనిషి, మోటారు ఆగి ఉంటే ట్యాంకు నిండుగా ఉందనుకుంటాడు. మోటారే కాలిపోయి ఉంటే? టీఎస్‌హెచ్ ఆ మోటారు. మామూలు థైరాయిడ్ జబ్బుల్లో గ్రంథి హార్మోన్ తగ్గితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, అందుకే దేశమంతా ఆ ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉంది. పీయూష గ్రంథే దెబ్బతిన్న మనిషిలో టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపిస్తుంది, అసలు హార్మోన్ అడుగంటి ఉంటుంది. అలాంటివాళ్ళకు ఆ అసలు హార్మోన్‌నే, అంటే ఫ్రీ టీ4ను, చూడాలి. మందు మొదలుపెట్టాక కూడా అంతే. టీఎస్‌హెచ్ తక్కువుందని చూసి, డోసు ఎక్కువైందేమోనని థైరాక్సిన్ తగ్గించడం తెలిసిన పొరపాటు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. థైరాక్సిన్ ఇస్తే శరీరం జోరందుకుంటుంది, ఉన్న కాస్త కార్టిసాల్‌నూ త్వరగా ఖర్చు చేస్తుంది. రెండు లోపాలూ ఉన్న మనిషికి థైరాయిడ్ మాత్ర ముందు ఇచ్చి స్టెరాయిడ్ ఇవ్వకపోతే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ముందు స్టెరాయిడ్, తర్వాతే థైరాక్సిన్. ఈ వరసకు మినహాయింపు లేదు.

దేహపు నీటిని అదుపు చేసే హార్మోన్ మాత్రం రేడియేషన్‌కు సాధారణంగా లొంగదు. ఆపరేషన్ తర్వాత గంటగంటకూ మూత్రం, తీరని దాహం రావడం తెలిసిన విషయమే. రేడియేషన్ తర్వాత అది కనిపిస్తే గడ్డ సంగతి మళ్ళీ చూడాలి.

పిల్లల విషయం ఇంకొంచెం గమ్మత్తుగా ఉంటుంది. పీయూష గ్రంథికి కాకపోయినా, మెదడులో గడ్డకు ఇచ్చిన రేడియేషన్ ఈ దారిలోంచే పోతుంది. 18 గ్రేలకే గ్రోత్ హార్మోన్ తగ్గవచ్చు. తక్కువ డోసులు, ముఖ్యంగా ఆడపిల్లల్లో, పుష్పవతి అయ్యే వయసును వెనక్కి కాదు, ముందుకు లాగుతాయి. పిల్ల ఎనిమిదేళ్ళకే పొడుగవుతుంటే ఇంట్లో సంబరం. గ్రోత్ హార్మోన్ లేకపోయినా, తొందరగా వచ్చిన ఈస్ట్రోజెన్ వల్ల వచ్చిన పొడుగు అది. ఎముకల చివర్లు త్వరగా మూసుకుపోతాయి, ఆ తర్వాత పెరుగుదలే ఉండదు. ఎత్తు కొలిచే పట్టిక ఒక్కటే చూస్తే అంతా బాగుందనే చెబుతుంది. ఎముకల వయసు ఎక్స్‌రే తీయిస్తే గానీ బండారం బయటపడదు.

కొత్త యంత్రాలొచ్చాక ఇదంతా పాత కథేనా అంటే, సగం నిజం. గామా నైఫ్‌లో గడ్డకు ఆనుకుని ఉన్న మంచి గ్రంథికీ, కాడకీ డోసు తగ్గించి లెక్క వేయగలుగుతున్నారు. కంటి నరానికి 8 నుంచి 10 గ్రేలు దాటనివ్వరు, అందుకే గడ్డ ఆ నరానికి రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గరకు వచ్చిందంటే ఈ పద్ధతి వదిలి పాత వారాల పద్ధతికే వెళ్తారు. హార్మోన్ లోపాలు మాత్రం తగ్గాయేగాని పోలేదు. ఐదేళ్ళు, ఆపైన చూసిన అధ్యయనాల్లో సుమారు 20 నుంచి 40 శాతం మందిలో కనీసం ఒక కొత్త లోపం కనిపిస్తోంది. ప్రోటాన్ యంత్రం 2019 నుంచి చెన్నైలోనే ఉంది. కిరణం గురి దాటాక ఆగిపోవడం దాని గొప్ప, మెదడులో మిగతా భాగాలకు మేలు. గురి మాత్రం పీయూష గ్రంథే అయినప్పుడు, గ్రంథిని ఏ ప్రోటానూ తప్పించలేదు. ఖరీదైన యంత్రం పేరు విని హార్మోన్ల బెంగ అక్కర్లేదనుకునేవాళ్ళను చూస్తే నాకు బెంగ.

అలాగని రేడియేషన్ వద్దనడానికి లేదు. అదుపు తప్పిన గ్రోత్ హార్మోన్ గుండెను పెద్దది చేస్తుంది, అదుపు తప్పిన కార్టిసాల్ ఎముకలనూ రక్తనాళాలనూ తినేస్తుంది. లోపించిన హార్మోన్‌ను మాత్రగా ఇవ్వగలం, పొంగిన హార్మోన్‌తో బతకడం కష్టం. ఈ బేరంలో ఏది నయమో చాలా సందర్భాల్లో స్పష్టమే. పీయూష గ్రంథి చతికిలబడే రోగం మనకు కొత్త కూడా కాదు. కాన్పులో రక్తం విపరీతంగా పోయి గ్రంథి ఎండిపోయిన షీహాన్ సిండ్రోమ్ స్త్రీలనూ, రక్తపింజరి కాటు తర్వాత ఇదే స్థితికి వచ్చినవాళ్ళనూ భారతీయ వైద్యులు చూస్తూనే ఉన్నారు. వాళ్ళకైతే చెప్పుకోవడానికి ఒక రోజు ఉంటుంది, ఆ కాన్పు, ఆ కాటు. రేడియేషన్ రోగికి అలా చెప్పుకోవడానికి రోజంటూ ఉండదు.

కాబట్టి రేడియేషన్ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పొద్దుటి కార్టిసాల్, ఫ్రీ టీ4, లైంగిక హార్మోన్లు, గ్రోత్ హార్మోన్ జాడ చెప్పే ఐజీఎఫ్-1 చూడాలి. ఒళ్ళు బాగున్నా చూడాలి, ఇరవయ్యో ఏడు కూడా చూడాలి. రేడియేషన్ సారాంశం కాగితం, ఎన్ని గ్రేలు, ఎన్ని విడతలు, ఏ తేదీ అన్నది, ఆధార్ కార్డుతో పాటు దాచుకోవలసినదే.

కార్టిసాల్ లోపం తేలినవాళ్ళకు రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌ను రెండు మూడు భాగాలుగా ఇస్తారు. ఆ మాత్రలు దొరకనిచోట ప్రెడ్నిసొలోన్. ఆరోగ్యంగా ఉన్న శరీరం జ్వరం వస్తే తనే కార్టిసాల్‌ను రెట్టింపు చేసుకుంటుంది. వీళ్ళకు ఆ పని మాత్రే చేయాలి. జ్వరం ఉన్న రెండు మూడు రోజులూ డోసు రెండింతలో మూడింతలో అవుతుంది. ఆపరేషన్ ఏదైనా ఉంటే ముందే మత్తు డాక్టరుకు చెప్పాలి, పన్ను పీకించుకునేముందు పంటి డాక్టరుకూ. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఎదురుచూడకూడదు. 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్ ఇంట్లోనే ఉంచుకుని, తొడ కండరానికి ఎలా వేయాలో ఇంట్లో ఒకరు నేర్చుకుని ఉండాలి. ముందు ఆ సూది, ఆ తర్వాత ఆటో, ఆసుపత్రి.